అమ్మ గోలీలు... నా లెక్కలు

మలక్‌పేట గంజ్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో నేను లెక్కలు రాయబట్టి ఇరవై ఏడేళ్లయింది. పొద్దున్నే దగ్గు, కళ్ల మంట, బస్తాల తూకం, తక్‌పట్టీలు, సాయంత్రానికి జమా ఖర్చు సరిచూడటం... ఇదీ నా బతుకు. మాటల కన్నా అంకెలనే ఎక్కువ నమ్మే అలవాటు నాకు అక్కడే అబ్బింది. రైతు ఒకటి చెబుతాడు, సేటు ఒకటి చెబుతాడు. కాంటా మాత్రం ఒక్కటే చెబుతుందని నా ధీమా. ఆ ధీమాతోనే మూడేళ్లపాటు మా అమ్మ విషయంలో పప్పులో కాలేశాను.

మా ఇల్లు సైదాబాద్‌లో, ఐఎస్ సదన్ చౌరస్తా నుంచి పది నిమిషాల నడక. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. 2018 సంక్రాంతికి ముగ్గుపిండి కలుపుతూ కలుపుతూ మా ఆవిడతో మెల్లగా చెప్పిందట, ‘‘స్నానం జేసేటప్పుడు చేతికి గడ్డ తగుల్తున్నదే’’ అని. ఎప్పటి నుంచి అంటే దసరా నుంచి! ‘‘నొప్పి లేకపాయె, ఎందుకు చెప్పాల్నని ఊకున్న’’ అంది. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలని ఆ తర్వాత డాక్టరు చెబితే గానీ మాకు తెలియలేదు.

మా చిన్నతనంలో ఈ జబ్బుకి మా గల్లీలో పేరు ఉండేది కాదు. ‘‘ఆమెను రెడ్‌హిల్స్‌కు తీస్కపోయిండ్రట’’ అనేవాళ్లు, అంతే. మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అక్కడే ఉంది మరి. ఆ మాట అన్నాక ఎవరూ ఇంకేమీ అడిగేవారు కాదు. నేనూ అదే బాపతు. సేటుకి సెలవు చీటీ రాస్తూ ‘అమ్మకు ఆపరేషన్’ అన్నాను. దేనికి అంటే ‘గడ్డ’ అన్నాను. రొమ్ము అనే మాట నా నోట రాలేదు. యాభైకి దగ్గరపడ్డ కొడుకుని, అమ్మ ముందు ఆ మాట ఎలా అనను? అందుకే అమ్మతో లోపలికి వెళ్లే పని మా ఆవిడకు వదిలేసి, బయట కూర్చుని ఫైలు పట్టుకునే పని నేను తీసుకున్నాను.

ముక్క పరీక్ష రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హర్-టూ నెగెటివ్’ అని ఉంది. పాజిటివ్ అన్న మాట చూసి నాకు కాళ్లు చల్లబడ్డాయి. డాక్టరమ్మ నవ్వి, ‘‘ఇది మనకు కొంత మేలైన కబురే’’ అన్నారు. క్యాన్సర్ కణంలో ఈస్ట్రోజన్ హార్మోన్ వచ్చి పట్టుకునే చోటు ఉంటే దాన్ని ‘ఈఆర్ పాజిటివ్’ అంటారట. తాళంకప్ప లాంటిది కణంలో ఉంటుంది, హార్మోనే దాని చెవి. చెవి తిరిగినప్పుడల్లా కణం పెరుగుతుంది. చెవిని దొరక్కుండా చేసినా, కప్పలో ఇంకేదైనా దూర్చి అడ్డం పెట్టినా దాని పెరుగుదలకు కళ్లెం పడుతుంది. రొమ్ము క్యాన్సర్లలో పదింట ఏడు దాకా ఇలా హార్మోన్ మీద ఆధారపడేవేనని చెప్పారు. ఇది రక్తంలో తేలే సంగతి కాదు, తీసిన గడ్డ ముక్కలోనే చూడాలి. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

హార్మోన్ సంగతి కొత్తదేమీ కాదు. 1896లోనే స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో బీట్సన్ అనే సర్జన్, రొమ్ము క్యాన్సర్ ముదిరిన స్త్రీలకు అండాశయాలు తీసేస్తే కొందరిలో గడ్డలు కరగడం చూశాడు. ఈస్ట్రోజన్ అనే పేరు కూడా పుట్టని కాలమది. ‘మరి మా అమ్మకు అరవై దాటింది, ఇంకెక్కడి హార్మోన్?’ అని నాకు సందేహం వచ్చింది. అడగలేకపోయాను. మా ఆవిడే అడిగింది. నెలసరి ఆగిపోయాక కూడా ఒంట్లో కొవ్వు, కండరాలు ఇంకో హార్మోన్ నుంచి ఈస్ట్రోజన్‌ని కాస్త కాస్త తయారుచేస్తూనే ఉంటాయట. ఆ తయారీని ఆపే గోలీ లెట్రోజోల్. రోజుకొకటి, ఐదేళ్లు.

ఆపరేషన్, కీమో, రేడియేషన్ గురించి ఎక్కువ చెప్పను. చాలా ఇళ్లలో చూసిందే. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది. సెప్టెంబరులో గోలీ మొదలైంది.

అసలు కథ ఇక్కడి నుంచే. ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షల్లో ‘సీఏ 15-3’ అని ఒకటి ఉంది. అమ్మకి 22 వచ్చింది. పక్కనే ‘30 లోపు ఉండాలి’ అని అచ్చయి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు నాకు అర్థమయ్యే భాష దొరికింది! ఒక అంకె, దానికొక గీత. గీత కింద ఉంటే లాభం, పైన ఉంటే నష్టం. అమ్మకి గడ్డ ఉన్నప్పుడే అది 22 ఉందంటే ఆ అంకెకు గడ్డ సంగతి తెలియనే తెలియదని అర్థం. లెక్కలు రాసేవాడిని, ఆ మాత్రం తట్టాలి కదా? తట్టలేదు.

డాక్టరు మళ్లీ ఆ పరీక్ష రాయలేదు. నేనే మూడు నెలలకోసారి లాబ్‌కి తీసుకెళ్లేవాణ్ని. 19, 18, 20, 17, 19. దుకాణంలో వాడే పొడుగు పుస్తకంలో ఒక పేజీ కేటాయించి, తేదీ వేసి, అంకె వేసి, గీత కొట్టేవాణ్ని. ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది గుచ్చొద్దన్నారు. రెండో చేతి నరాలేమో కీమోకి గట్టిపడిపోయాయి. ఒక్కోసారి మూడు నాలుగుచోట్ల పొడిస్తే గానీ నెత్తురు రాలేదు. అమ్మ కళ్లు మూసుకుని కూర్చునేది. రిపోర్టు రాగానే నేను గుమ్మంలోంచే, ‘‘అమ్మా, మంచిగుంది!’’ అని అరిచేవాణ్ని. ‘‘మంచిగుందా? సరే తియ్’’ అనేది. ఆ పూట ఇంట్లో పాయసం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. గంజ్ మూతపడింది. మందులు మా పక్కింటి ఆపా కొడుకు తెచ్చేవాడు, మందుల షాపులో పనిచేస్తాడు, పాసు ఉండేది. ఆ తర్వాత దుకాణం తెరుచుకుంది, నేను నా పనిలో పడిపోయాను. పుస్తకంలో పేజీ మాత్రం ఆగలేదు. 18, 20, 19.

2021 జులైలో ఇంకో లాబ్ వాళ్లు ‘క్యాన్సర్ ప్రొఫైల్’ సగం ధరకే అంటే అక్కడ ఇప్పించాను. సాయంత్రం రిపోర్టు తీసుకున్నాను. 38.

గుమ్మంలోంచి అరవలేదు. స్కూటరు మీద సరూర్‌నగర్ దాకా ఊరికే వెళ్లి తిరిగొచ్చాను. అమ్మ ‘‘ఎట్లుంది?’’ అంది. ‘‘కాయితం రేపొస్తదట’’ అన్నాను. ఆమె నా మొహం చూసి ఇంకేం అడగలేదు. ఆ రాత్రి పాయసం కోసం తీసిన పాలు అలాగే తోడేసింది.

తర్వాతి పది రోజులు ఛాతీ స్కాన్, పొట్ట స్కాన్, ఎముకల స్కాన్. ఖర్చు సరే, ఆ పది రోజుల్లో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అమెరికాలో ఉన్న తమ్ముడు రోజూ రాత్రి ఫోన్. చివరికి ఏమీ లేదని తేలింది. కాలేయంలో కాస్త కొవ్వు ఉందన్నారు. పాత లాబ్‌లో మళ్లీ నెత్తురిస్తే 21.

డాక్టరమ్మ రిపోర్టులన్నీ పక్కన పెట్టి, ‘‘ఈ సీఏ 15-3 ఎవరు రాశారండీ?’’ అన్నారు. ‘‘నేనే చేయించాను మేడమ్’’ అన్నాను. ఇంకేం ఉంది, నా పొడుగు పుస్తకం పేజీ గర్వంగా చూపించాను కూడా. ఆమె కోప్పడలేదు. ఓపికగా చెప్పారు. అది మన ఒంట్లో మామూలుగా ఉండే ఒక ప్రొటీన్‌కి చెందిన ముక్క. క్యాన్సర్ పాకినవాళ్లలో చాలామందికి పెరుగుతుంది. అందుకే పాకిన జబ్బుకి మందు పనిచేస్తోందా లేదా అని చూడటానికి, స్కాన్‌లతో పాటు, దాన్ని వాడతారు. తొలిదశలో చాలామందికి పెరగనే పెరగదు. కాలేయం బాగోకపోయినా, క్యాన్సర్ కాని గడ్డలున్నా పెరగొచ్చు. చికిత్స అయిపోయి, ఏ బాధా లేనివాళ్లకు ఇది పదేపదే చేయించొద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2007లోనే చెప్పింది. పైగా ఒక లాబ్ యంత్రానికీ ఇంకో లాబ్ యంత్రానికీ అంకె కలవదు.

అక్కడే నాకు చెంప మీద కొట్టినట్టయింది. రెండు వేర్వేరు కాంటాల మీద తూచిన బస్తాలకు తేడా ఎంతని గంజ్‌లో ఎవడైనా లెక్క కడితే నేనే నవ్వుతాను!

‘‘అదలా ఉంచండి. అమ్మగారూ, గోలీ రోజూ వేసుకుంటున్నారా?’’ అని అడిగారు డాక్టరమ్మ. అమ్మ చీర చెంగు సర్దుకుంటూ, ‘‘ఆఁ, ఏసుకుంటున్న’’ అంది.

ఆ రాత్రి స్కాన్ బిల్లులు ఫైలులో పెడుతుంటే చేతులు ఊరుకోక, మందుల బిల్లులు కూడా తీసి వరుసపెట్టాను. వృత్తి రోగం. లెట్రోజోల్ పది గోలీల స్ట్రిప్పు, నెలకి మూడు. 2018 సెప్టెంబరు నుంచి 2020 మార్చి దాకా బిల్లులు తేదీలతో సహా సరిపోయాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. పదహారు నెలలకు నలభై ఎనిమిది స్ట్రిప్పులు ఉండాలి. ఆపా కొడుకు దగ్గర ఉన్నాయేమోనని మర్నాడు పొద్దున్నే అడిగాను. వాడు మొహం చిన్నబుచ్చుకుని, ‘‘రెండు నెలలు తెచ్చిన భాయ్‌సాబ్. తర్వాత ఖాలానే వద్దన్నది. మీరు తెస్తున్నరనుకున్న’’ అన్నాడు.

నేను వాడు తెస్తున్నాడనుకున్నాను. వాడు నేను తెస్తున్నాననుకున్నాడు. మా ఆవిడ ఇద్దరిలో ఎవరో తెస్తున్నారనుకుంది.

అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చున్నాను. గొంతు పెంచొద్దని ముందే అనుకున్నాను గానీ పెరిగింది. ‘‘ఎందుకు బంజేసినవమ్మా?’’

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన చేతులు నా ముందు పెట్టింది. ‘‘పొద్దుగాల లేస్తే ఈ వేళ్లు ముడ్సుకపోయేటియి. పాల ప్యాకెట్ చింపరాకపోయేది. మోకాళ్లు సరే, ముసలిదాన్నయిన, నొస్తయి. చేతులెందుకు నొయ్యాలె? లాక్‌డౌన్ల ఓ పదిరోజులు గోలీలు అందకపాయె. నొప్పులు పోయినయి బిడ్డా. మల్ల ఏసుకోబుద్ది గాలె.’’

‘‘చెప్పొద్దా మరి?’’

‘‘నువ్వేమన్న అడిగినవా? మూణ్నెల్లకోసారి సూది గుచ్చిపిస్తివి, మంచిగుంది మంచిగుంది అంటివి. మంచిగుంటే ఇంక గోలీ ఎందుకని అనుకున్న.’’

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నేను గీసిన గీతలే ఆమెకు చీటీ రాసిచ్చాయి. అమ్మ చేతులు నొస్తున్నాయని పదహారు నెలలు కాదు, అంతకు ముందు ఏడాదిన్నర కూడా నాకు తెలియదు. పూరీ పిండి మా ఆవిడ ఎందుకు కలుపుతోందో ఎప్పుడూ గమనించలేదు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఈసారి నేనూ లోపలికి వెళ్లాను. తిడతారనుకున్నాం. ‘‘మీరొక్కరే కాదమ్మా, చాలామంది ఇదే చేస్తారు’’ అన్నారు. ఈ రకం మందులు వాడేవారిలో సగం మంది దాకా కీళ్లనొప్పులతో బాధపడతారట. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. అమెరికాలో కాలిఫోర్నియాలో ఎనిమిది వేల ఏడొందల మందికి పైగా స్త్రీల మందుల రికార్డులు చూసి 2010లో లెక్కతేల్చారు. హార్మోన్ మందుని చెప్పినన్నాళ్లు, చెప్పినట్టు వాడినవాళ్లు 49 శాతమే! ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు వాళ్లు. మా అమ్మని ఏమనగలను?

ఇంకొకటి చదివినప్పుడు మాత్రం పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఫ్రాన్స్‌లో ఇంకా నెలసరి ఆగని 1,177 మందికి టామోక్సిఫెన్ అనే హార్మోన్ గోలీ రాసిచ్చి, ఏడాది తర్వాత వాళ్ల రక్తం తీశారు. క్యాన్సర్ ఆనవాళ్ల కోసం కాదు, గోలీ ఆనవాళ్ల కోసం! ప్రతి వందమందిలో పదహారుగురి రక్తంలో మందు ఉండాల్సినంత లేదు. వాళ్లలో సగం మందికి పైగా, వేసుకోవట్లేదని డాక్టరుకి చెప్పలేదు. ఆ పదహారుగురి లాంటి వాళ్లలోనే మూడేళ్లలో జబ్బు ఒంట్లో ఇంకోచోట తిరగబెట్టడం ఎక్కువ కనిపించింది. 2020లో అచ్చయింది ఈ పరిశోధన. అంటే నేను అమ్మ నెత్తురులో మూడేళ్లు వెతికింది ఒకటి, అక్కడ లేకుండా పోయింది ఇంకొకటి.

ఈ రకం క్యాన్సర్‌కి ఇంకో పాడు గుణం ఉంది. ఐదేళ్లు దాటాక, పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టగలదు. గోలీ ఐదేళ్లు వేసుకోమనేది అందుకే.

డాక్టరమ్మ లెట్రోజోల్ మార్చి టామోక్సిఫెన్ రాశారు. ఇదేమో హార్మోన్ తయారీని ఆపదు, కప్పలో దూరి అడ్డం నిలబడుతుంది. దాని పుట్టుక నాకు భలే నచ్చింది. 1962లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేసింది. పిల్లలు పుట్టకుండా ఆపే మాత్ర కోసం! ఆడవాళ్ల మీద చూస్తే తిరకాసుగా అండాల విడుదలకే సాయం చేసింది. పారేయాల్సిన సరుకే. మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్ ముదిరినవాళ్లకు ఇచ్చి చూసి, కొందరికి గుణం కనిపించిందని 1971లో ప్రకటించారు. 1977లో అమెరికాలోనూ అనుమతి వచ్చింది. హార్మోన్ రకం క్యాన్సర్‌కి ఐదేళ్లు ఇది వాడినవాళ్లను పదిహేనేళ్లు గమనిస్తే, ఆ జబ్బుతో చనిపోయేవారు మూడోవంతు తగ్గారని 2011లో అంతర్జాతీయ లెక్కలు తేల్చాయి. ఇది గంజ్‌లో ఏ సరుకుకీ రాని లాభం.

దీనికీ చిక్కులున్నాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, గర్భసంచి పొర మందం కావొచ్చు. ‘‘ఎప్పుడైనా రక్తస్రావం కనిపిస్తే ఒక్క చుక్కయినా వెంటనే చెప్పాలి’’ అన్నారు డాక్టరమ్మ, నా వైపు చూసి. నేను తల దించుకోలేదు. ‘‘అడుగుతుంటాను మేడమ్’’ అన్నాను. అమ్మ నా మోచేయి గిల్లింది.

ఎముకల సాంద్రత పరీక్షలో బలహీనంగా ఉందన్నారు, క్యాల్షియం, విటమిన్-డి ఇచ్చారు. రోజూ నడక. సాయంత్రం ఆపా, అమ్మ కలిసి కాలనీ పార్కులో నాలుగు చుట్లు తిరుగుతారు. మూడు చుట్లు నడక, ఒక చుట్టు కబుర్లు.

ఈ మధ్య రక్తపరీక్షల్లో నిజంగానే పెద్ద మార్పులు వస్తున్నాయి. క్యాన్సర్ కణాల నుంచి రాలిన డీఎన్ఏ తునకల్ని రక్తంలో పట్టుకుని, తాళంకప్ప మారిపోయి పాత మందు పనిచేయకుండా పోతోందేమో చెప్పే పరీక్షలొచ్చాయి. 2023లో అమెరికాలో అలాంటి పరీక్షతో పాటే, ఆ మారిన కప్పకు సరిపడే కొత్త గోలీ ఎలాసెస్ట్రాంట్‌కీ అనుమతిచ్చారు. అది జబ్బు పాకినవాళ్లకు. నాకు ఆ వార్త తమ్ముడు పంపించి, ‘అమ్మకి చేయిద్దామా?’ అన్నాడు. ‘ముందు అమ్మకి ఫోన్ చేసి చేతులెట్లా ఉన్నాయో అడుగు’ అన్నాను. వాడికి కోపమొచ్చింది. ఒకప్పుడు నాకూ వచ్చేది.

అమ్మకి డెబ్బై దగ్గర పడింది. వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పాల ప్యాకెట్ల లెక్క ఆమెదే, ఇప్పుడు కాదు, నా చిన్నప్పటి నుంచీ. 2021 ఆగస్టు నుంచి ఆ పాల అంకె కింద చిన్న అడ్డగీత ఒకటి చేరింది. అది గోలీ. గీత పెట్టమని నేను చెప్పలేదు. నెలాఖరున పాలవాడి లెక్క చూసుకున్నాక నన్ను పిలుస్తుంది. మొన్న కూడా పిలిచింది. కళ్లజోడు పెట్టుకుని వేలితో గడి గడి దాటుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

‘‘ముప్పై ఒకటికి ముప్పయే ఉన్నయి’’ అంది.

‘‘ఏ రోజు పోయింది?’’

‘‘బోనాలనాడు మర్శిన. రాసుకో.’’

పొడుగు పుస్తకం తీసి రాసుకున్నాను. తర్వాత చేతులెట్లా ఉన్నాయని అడిగాను. ఎడమచేతి చిటికెనవేలు కాస్త పట్టేస్తోందట.